అచ్చు చూశాను, చదవలేదు

3వ తేదీ, సోమవారం

చదవడం రాదా? నాకా? నాకు చదవడం రాకపోతే ఈ బజారులో సగం షాపుల బిల్లు పుస్తకాలు ఎవరు అచ్చేస్తున్నారు బావా, మీ తాతా?

ఈ మాట నిన్న నాలుక చివరిదాకా వచ్చింది. అక్క ఎదురుగా ఉందని మింగేశాను. మింగింది అరగలేదు, అందుకే ఇక్కడ కక్కుతున్నా. తప్పుపడిన బిల్లు కాగితాల్ని వెనక్కి తిప్పి కుట్టుకున్న పుస్తకం ఇది. ఎవరూ చూడరు. చూసినా ఇంకు మరకలకి భయపడి అవతల పారేస్తారు.

శనివారం పన్నుల ఆఫీసు నుంచి ఆఖరి నోటీసు వచ్చింది. తెచ్చినాయన సంతకం పెట్టించుకుని, పోతూ పోతూ మా అచ్చు మిషన్ని కింది నుంచి పైదాకా చూసి మరీ పోయాడు, ఇప్పుడే భుజాన వేసుకుపోయేవాడిలా. నిన్న ఆ కాగితం అక్క వాళ్ళింటికి పట్టుకెళ్ళడం నా బుద్ధి తక్కువ. బావ కంచం ముందు కూర్చుని దాన్ని పైకి చదివాడు. చదవడమా అది? వార్తలు వినిపించాడు. నాన్న చనిపోయిన ఏడాది, అంటే మూడేళ్ళ కిందటి పన్ను, కట్టలేదట. వడ్డీతో కలిపి ఎనభై నాలుగు వేలు. పదో తేదీ సోమవారం మధ్యాహ్నం రెండింటిలోగా కట్టాలి, లేదా కట్టిన రుజువు పెట్టి రాతపూర్వకంగా జవాబివ్వాలి. లేదంటే అచ్చు మిషను, కటింగు మిషను, టైపు అరలు, మొత్తం జప్తు.

"ఇది మూడో నోటీసు. మొదటి రెండూ ఏవి?" అన్నాడు బావ.

"రాలేదు."

"అవి రాకుండా మూడోది ఎలా వస్తుందిరా?"

"వాళ్ళనే అడుగు."

అప్పుడు అన్నాడు. నెమ్మదిగా, ముద్ద మింగి, నీళ్ళు తాగి అన్నాడు. "నీకు కాగితం మీద అచ్చు కొట్టడమే తెలుసు. దాని మీద ఏముందో చదవడం తెలీదు."

గోడౌన్లో చీటీలు రాసే మనిషి ఆయన. బస్తాలు వచ్చాయి, బస్తాలు పోయాయి, ఇదీ ఆయన సాహిత్యం. జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయదు. నాకు తెలుసు, ఒకసారి అడిగి తీసుకున్నా.

ఆయన సలహా ఏమిటంటే మిషన్ని తుక్కు కింద అమ్మేసి, ఆ డబ్బు ఆఫీసుకి కట్టేసి, నేను వెళ్ళి ఆయన గోడౌన్లో చీటీలు రాయాలట. "నెలకింతని చేతికొస్తుంది, గోళ్ళలో ఇంకు ఉండదు" అన్నాడు. నాన్న మిషన్ని కిలోల లెక్కన తూచడం.

అక్క మాత్రం నేనింకా తింటుండగానే కంచం తీసేసింది.

అసలు తమాషా ఏమిటంటే, ఆ నోటీసు ఫారం అచ్చేసేది మేమే. నాన్న ఉన్నప్పటి నుంచీ ఆ ఆఫీసు ఫారాలన్నీ మా దగ్గరే. ఖాళీల్లో వాళ్ళు చేత్తో నింపుతారు. కింద మూల చీమ తలకాయంత అక్షరాల్లో మా ప్రెస్సు పేరు ఉంటుంది. నా పీక కోసే కత్తికి నేనే సాన పట్టానన్నమాట.

మొదటి రెండూ రాలేదు.

4వ తేదీ, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళాను. పదిన్నరకి తెరుస్తారని రాసి ఉంటుంది. పదకొండున్నరకి కుర్చీల మీద దుమ్ము దులిపారు.

మన సెక్షన్లో కూర్చునే గుమాస్తాకి నేను గమ్ముసీసా అని పేరు పెట్టాను. ఏ కాగితం ముట్టుకున్నా ఇంకో కాగితానికి అంటించందే చేయి తీయడు. నన్ను బాగా ఎరుగును, ఫారాల కట్టలు దింపడానికి వెళ్తుంటాగా.

"ఏమయ్యా, ఈసారి కట్టలేం కనిపించవే?" అన్నాడు.

నోటీసు ముందు పెట్టాను. చూసి నవ్వాడు. ముందు నా ముఖం చూసి, తర్వాత కింద మూల ప్రెస్సు పేరు చూసి, మళ్ళీ నవ్వాడు. పక్క బల్లాయన్ని పిలిచి చూపించాడు. ఆయనా నవ్వాడు. ఆ గదిలో పొద్దుటి నుంచి జరిగిన పని అదొక్కటే అనుకుంటా.

"మొదటి రెండూ మాకు రాలేదండీ" అన్నా.

రిజిస్టరు తీశాడు. నాలుగు నెలల కిందటి పేజీలో ఒక సంతకం, రెండు నెలల కిందటి పేజీలో ఇంకొకటి. వేలు పెట్టి చూపించాడు.

సంతకాలు నావే. అయితే? రోజుకి పది మందికి పెడతా. కాగితాల లారీవాడికి పెడతా, ఇంకు డబ్బాలవాడికి పెడతా. సంతకం పెట్టినంత మాత్రాన వచ్చినట్టేనా?

"పన్ను మా నాన్న కట్టారండీ. పసుపు రంగు చలాను. నేను చూశాను."

"అయితే చూపించు."

"మీ దగ్గర ఉండదా?"

"ఆ ఏడాది పుస్తకాలు కింద గదిలో ఉన్నాయి. నూటపాతిక పుస్తకాలు. చలాను నంబరు చెప్పు, ఐదు నిమిషాల్లో తీస్తా. నంబరు లేకుండా మీ నాన్న పేరు పట్టుకుని వెతకమంటే నా రిటైర్మెంటు వచ్చేస్తుంది."

ఆయన చేసే పని వేగానికి రిటైర్మెంటు వచ్చినా ఎవరికీ తేడా తెలీదు. ఆ మాట అనలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశా.

నాన్న కట్టాడు, అది మాత్రం ఖాయం. ఆ రోజు నాకు గుర్తుంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు తప్ప నాన్న గోళ్ళు కిరసనాయిలుతో రుద్దుకోడు. ఆ పొద్దున రుద్దుకున్నాడు. మధ్యాహ్నం సైకిలు దిగి, జేబులోంచి పసుపు కాగితం తీసి ఊపుతూ "ఈ ఏటికి పీడ వదిలింది" అన్నాడు. మందంగా, అట్టలా ఉంది ఆ కాగితం. తర్వాత రెండు నెలలకి పోయాడు. ఆ కాగితం ఎక్కడ పెట్టాడో అడగడం ఎవరికి గుర్తుంటుంది?

5వ తేదీ, బుధవారం

వచ్చి ఉండొచ్చు.

6వ తేదీ, గురువారం

సొరుగులన్నీ తిరగేశా. రేకు పెట్టె, మేకుకి గుచ్చిన కాగితాలు, నాన్న చొక్కా జేబులు, సైకిలు సీటు కింద కూడా. పాత కరెంటు బిల్లులున్నాయి. నేను ఎనిమిదో తరగతి మానేసినప్పుడు స్కూలు వాళ్ళిచ్చిన కాగితం ఉంది. దాచుకోవాల్సినవి తప్ప అన్నీ దాచాడు మహానుభావుడు.

ఆ స్కూలు కాగితం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ నాకు మూడేళ్ళప్పుడు పోయింది. నాన్న నన్ను ప్రెస్సులోనే టైపు అరల కింద కూర్చోబెట్టుకునేవాడు. అక్షరాలు నేను సీసపు టైపు మీద నేర్చుకున్నా. టైపు మీద అక్షరం తిరగేసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. అందుకే బడిలో నేను ఏది రాసినా తిరగేసి రాసేవాణ్ణి. పంతులు నా పలక ఎత్తి క్లాసంతటికీ చూపించేవాడు. ఎనిమిదేళ్ళు చూపించాడు. ఇక చాలనుకున్నా.

ఇప్పటికీ ఆ గొడవ పోలేదు. తిరగేసిన అక్షరం నాకు గడగడా వస్తుంది. తిన్నగా ఉన్నది నాలుగు లైన్లు దాటితే తలనొప్పి. బావకి ఇది తెలుసు. తెలిసే అన్నాడు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. పెళ్ళికి ముందు నాన్న పక్కన కూర్చుని టైపు పేర్చింది తనే, నాకంటే వేగంగా. వచ్చి అరలు చూసి, వేలితో దుమ్ము గీసి, "ఆ రెండు నోటీసులు ఏం చేశావురా?" అంది. రాలేదా అని అడగలేదు.

"ఏమో."

"నాకు కూడా 'ఏమో'నేనా?"

సరే, ఇక్కడ రాస్తా. తనకి ఎలాగూ చెప్పలేకపోయా. ఆ ఆఫీసు వాళ్ళకి ఫారాలు అయిపోతే ఏం చేస్తారంటే, నింపిన పాత ఫారం ఒకటి నమూనాగా పంపిస్తారు, ఇలాంటివి వెయ్యి కావాలని. తెచ్చేది ఆ సంతకాలాయనే. పెట్టించుకునేది ఆ రిజిస్టరులోనే. నాలుగు నెలల కిందట ఫారం ఇచ్చాడు, సంతకం పెట్టా, నమూనా అనుకున్నా. తీసి అచ్చు చూశా. కుడివైపు గీత ఒకచోట తెగింది. సిగ్గేసింది, వెంటనే ఆ గీత మార్చా. ఆర్డరు మాత్రం రాలేదు. మందపాటి కాగితం కదా అని మిషన్లో ప్యాకింగుకి దోపేశా. రెండోదీ అంతే.

మిషన్లో కాగితం ఆనే ఇనపపలక మీద, పైతొడుగు కింద, ఐదారు కాగితాలు పరిచి ఉంచుతాం. దిండులాంటిది. దాన్నే ప్యాకింగు అంటాం. అది సరిగ్గా లేకపోతే ఒక పక్క అచ్చు పడుతుంది, ఇంకో పక్క పడదు. మా ఇంట్లో చేతికందిన ఏ మందపాటి కాగితమైనా చివరికి చేరేది అక్కడికే. వేరే వాళ్ళకి బీరువాలుంటాయి.

ఇంతా రాశాక ఇంకో ముక్క. రెండో నోటీసు మీద చేత్తో రాసిన నాన్న పేరు కనిపించింది. నమూనా మీద నాన్న పేరెందుకుంటుంది? ఆ మాత్రం నాకు తట్టదా?

తట్టింది. చదవలేదు.

7వ తేదీ, శుక్రవారం

బావ ఫోను. జవాబు ఎలా రాయాలో చెప్పాడు. "ఆ సంతకాలు నావి కావని రాయి. వాళ్ళు రుజువు చేసుకునేసరికి ఆరు నెలలు పడుతుంది."

"దొంగ రాత రాయమంటావా?"

"అది దొంగ రాత కాదురా, పద్ధతి."

గోడౌన్లో బస్తాలు ఎలా తగ్గుతాయో ఇప్పుడర్థమైంది.

"ఆరు నెలల తర్వాత?" అన్నా.

"అందుకే అమ్మెయ్ అంటున్నా. రేపు తుక్కాయన్ని తీసుకొస్తా, ధర వింటే పోయేదేముంది?"

పోయేదేమిటో చెప్పాలనిపించింది. పెట్టేశా.

8వ తేదీ, శనివారం

రెండో శనివారం కదా, ఆఫీసుకి ఇవాళా రేపూ సెలవు. నాకు లేదు.

తొమ్మిదింటికే అక్క వచ్చింది. కొంగు నడుముకి దోపి, నేరుగా మిషన్ దగ్గరికెళ్ళి, "ప్యాకింగు ఎప్పుడు మార్చావు?" అంది.

"మార్చలేదు. పైన పెట్టుకుంటూ వచ్చా."

"మూడేళ్ళా?"

నాన్న వేసిన ప్యాకింగు అది. ఆఖరిది. ఎంత చక్కగా కుదిరిందంటే ఏ ఫారం ఎక్కించినా నాలుగు మూలలా ఒకేలా పడుతుంది. తీస్తే మళ్ళీ అలా కుదర్చడం నా వల్ల అవుతుందో లేదో. అందుకే పైతొడుగు ఒక చివర ఎత్తి దోపడమే తప్ప అడుగు దాకా ఎప్పుడూ ముట్టుకోలేదు. అరిగినచోట సన్నకాగితం అతికిస్తా. ఇవన్నీ అక్కకి చెప్పా. విని, పానా నా చేతిలో పెట్టింది.

"తియ్. నాన్న మిషన్లో లేడురా."

పైతొడుగుని పట్టి ఉంచే బిగింపు కడ్డీ వదులు చేస్తుంటే బయట బండి ఆగింది. బావ, వెనక తుక్కు కొనే ఆసామి. ఆసామి గుమ్మం దాటుతూనే మిషన్ని అరచేత్తో చరిచాడు.

"పోత ఇనుము. బరువుంది కానీ పగలగొట్టే కూలి మీదే" అన్నాడు.

"నిన్ను పగలగొడితే కూలి ఎవరిది?" అన్నా.

"బామ్మర్దీ!" అన్నాడు బావ.

"కాసేపు ఉండండి" అంది అక్క. ఎవరితో అందో తెలీదు, అందరం ఉన్నాం.

పైన నా రెండు నోటీసులు. అణిగిపోయి ఉన్నాయి. బావ వాటిని చూశాడు, నన్ను చూశాడు. ఏమన్నా అంటాడేమోనని గుండె గట్టి చేసుకున్నా. వాటిని తీసి, దులిపి, అక్క చేతికిచ్చాడు. అది ఇంకా కాలింది. వాటి కింద ఒక కేలెండరు ముక్క, ఒక సబ్బు కంపెనీ అట్ట, అక్క హైస్కూలు ప్రోగ్రెసు కార్డు.

"ఇదిక్కడుందా! ఊరంతా వెతికించాడు నాన్న నా చేత" అంది అక్క.

అన్నిటికన్నా అడుగున, ఇనుముకి అంటుకుపోయి, పసుపు రంగు.

నాన్న. పన్ను కట్టి, రసీదు తెచ్చి, పీడ వదిలిందని దాన్ని కూడా ప్యాకింగులో వేశాడు. నాలుగు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నా. ఇది నేను కనిపెట్టిన వెధవపని కాదు, నాకు వారసత్వంగా వచ్చింది.

కత్తి అంచుతో మెల్లగా లేపా. ముందువైపంతా తుప్పు, నూనె. అక్షరం ముక్క లేదు. మేం అచ్చేసిన ప్రతి ఫారం గీతలూ దాని మీద ఇంకు లేకుండా అచ్చు దిగి ఉన్నాయి. వేళ్ళకి తగులుతున్నాయి.

బావ తీసుకుని వెలుతురుకి పెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు, పెట్టాడు. "ఏం లేదురా. అంతా చెరిగిపోయింది. నంబరు లేకపోతే ఇది చిత్తు కాగితం."

"వెనక చూడు" అన్నా.

వెనకవైపు ఇంకు ఊరి ఉంది. లేతగా, తిరగేసి. బావ తల ఎడమకి వంచాడు, కుడికి వంచాడు. కాగితాన్ని తలకిందులు చేశాడు. తుక్కు ఆసామి కూడా వచ్చి తల వంచాడు.

"ఏంటిది, ఏ భాష?" అన్నాడు ఆసామి.

నేను తీసుకుని గడగడా చదివేశా. నాన్న పేరు, ఏడాది, కట్టిన డబ్బు, నంబరు నాలుగు సున్నా ఏడు ఒకటి ఆరు. ఆగకుండా, తడుముకోకుండా.

"చదవడం రాదా బావా?" అన్నా.

అక్క నవ్వు ఆపుకోడానికి టైపు అరల వైపు తిరిగింది. ఆసామి తన దారిన తను పోయాడు. బావ పోలేదు. చొక్కా చేతులు మడిచి, "ఆ కడ్డీ ఇటివ్వు, పట్టుకుంటా" అన్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

9వ తేదీ, ఆదివారం

జవాబు. చేత్తో రాస్తే నా రాత చూసి గమ్ముసీసా ఇంకో రెండు బల్లల వాళ్ళని పిలుస్తాడు. అందుకని టైపు పేర్చి అచ్చేశా. ప్యాకింగు నేనే వేశా, మొదటిసారి. ఆరుసార్లు విప్పా. కుడి కింద మూల ఇంకా పూర్తిగా పడట్లేదు. నాన్నకయితే రెండుసార్లు చాలేది.

వేసింది ఇది:

"మీరు పంపిన మొదటి రెండు నోటీసులు నాకు అందాయి. సంతకాలు నావే. ఆ ఫారం మా ప్రెస్సులో తయారైనదే కాబట్టి అచ్చు చూశాను, చదవలేదు. పన్ను మా నాన్న కట్టారు. చలాను నంబరు 40716. అసలు కాగితం జతచేశాను. వెనకవైపు అద్దం పెట్టి చూడగలరు."

"ఇలా రాస్తే నవ్వుతారు" అంది అక్క.

"ఇప్పటికే నవ్వారు."

బావ రెండుసార్లు చదివాడు. "సంతకాలు నావే" దగ్గర వేలు పెట్టి ఆగాడు. తర్వాత కాగితం మడత పెట్టబోయాడు. మడత పెట్టొద్దని అరిచా, ఇంకు ఆరలేదు.

10వ తేదీ, సోమవారం

ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నా. ఒంటిగంటా నలభై.

పదింటికే వచ్చా. గమ్ముసీసా జవాబు చదివి ఈసారి నవ్వలేదు. చలాను తిప్పి చూసి, సొరుగులోంచి చేతి అద్దం తీశాడు. తల మీద ఉన్నవి ఆరు వెంట్రుకలు, వాటికో అద్దం. ఇన్నాళ్ళకి ఆ అద్దం ఒక పనికొచ్చింది. నంబరు రాసుకుని కింద గదికి వెళ్ళాడు. ఐదు నిమిషాలన్నాడు, గంటన్నర పట్టింది. బూజు పట్టిన తలతో పుస్తకం మోసుకొచ్చాడు. ఉంది. నాన్న సంతకం, పక్కన వేలిముద్రలా ఇంకు మరక. గోళ్ళు ఎంత రుద్దుకున్నా పోదు అది.

అద్దాల గదిలో పెద్ద మేడమ్ అంతా చూసింది. నా జవాబు చూసి, "దీన్ని ఎవరు రాసిచ్చారు?" అంది.

"నేనేనండీ."

"'చదవలేదు' అని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అంది. పన్ను కట్టినట్టే. రెండు నోటీసులకి జవాబివ్వనందుకు మాత్రం జరిమానా, రెండు వేలు. బావ సగం రోజు సెలవు పెట్టి వచ్చాడులే. ఒక్కో నోటూ రెండుసార్లు లెక్కపెట్టి కట్టాడు. రసీదు నాకివ్వలేదు, తన జేబులో పెట్టుకున్నాడు. మంచిదే.

అక్క ఫోను చేసింది. ప్రెస్సు ముందు వ్యాను ఆగిందట. నలుగురు మనుషులు, తాళ్ళు. రెండు దాటగానే మొదలెడతారట. ఆఫీసు నుంచి ఫోను చేయిస్తానని తను అంటే, మాటలతో పని జరగదు, ముద్ర ఉన్న కాగితం కంటపడాలి అన్నారట. తను మిషన్ తొక్కుడు చెక్క మీద కాలు పెట్టి నిలబడి ఉందట. "ఎవడు దించుతాడో చూస్తా" అంది.

జప్తు ఆపమని మేడమ్ సంతకం పెట్టేసింది. గుండ్రటి ముద్ర వేరే గదిలో ఉంది. ఆ గదివాడు తాళం తీసుకుని టీకి పోయాడు. ముద్రకి ఒక గది, దానికొక తాళం, దానికొక మనిషి, వాడికొక టీ. బావ వాణ్ణి వెతకడానికి పోయాడు.

ఒంటిగంటా నలభై ఏడు.

దొరికాడు. బావ వాణ్ణి భుజం పట్టుకుని నడిపించుకొస్తున్నాడు, బస్తాని తెస్తున్నట్టు.

ముద్ర పడింది. కాగితం నా చేతిలో ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివా, వేలు పెట్టి, తలనొప్పొచ్చినా. ఆ తర్వాతే అచ్చు చూశా. ముద్ర ఎడమవైపు సగం పడలేదు. అడుగున నాలుగు కాగితాలు పరిచి ఉంటే

బావ బండి స్టార్టు చేశాడు. వెళ్ళాలి.